నాలుగు గ్రాముల తరుగు

మా ఊరి పేరు చెప్పను. చెబితే మా మున్సిపాలిటీ వాళ్ళు పరువు పోయిందంటారు. చెప్పకపోతే ప్రతి ఊరివాళ్ళూ ఇది మా ఆఫీసు సంగతే అనుకుంటారు. అనుకోనివ్వండి, నాకేం పోయింది.

నా పేరు తాతారావు. మున్సిపాలిటీ తోటల సెక్షన్లో చెట్లు కొట్టే పని నాది. 'కొట్టే' అనకూడదట, 'క్రమబద్ధీకరించే' అనాలట. మా మేనేజరు కామేశం గారు నన్ను రెండుసార్లు దిద్దారు. పన్నెండేళ్ళుగా అవుట్‌సోర్సింగులో ఉండి ఊళ్ళో ఉన్న చెట్లన్నిటినీ క్రమబద్ధీకరిస్తూనే ఉన్నాను. నన్ను మాత్రం ఇంతవరకూ ఎవరూ క్రమబద్ధీకరించలేదు.

మూడేళ్ళ కిందట నా పోరు పడలేక పెట్రోలుతో నడిచే రంపం ఒకటి కొన్నారు. ఏది కొనాలో తేల్చడానికి కమిటీ వేశారు. అందులో ఒకాయన అన్నిటికన్నా పెద్దది కొందామన్నాడు, ప్రారంభోత్సవం ఫొటోలో నిండుగా కనపడుతుందని. నడుముకి తాడు కట్టుకుని పాతికడుగుల ఎత్తులో దాన్ని పట్టుకోవాల్సింది ఫొటో కాదు, నేను అని కాళ్ళావేళ్ళా పడి, తేలిగ్గా ఉండే పదహారంగుళాలది కొనిపించాను. నా సర్వీసులో నా మాట నెగ్గింది అదొక్కసారే.

రంపమంటే ఏం లేదండి. వెనక ఒక ఇంజను, ముందుకి పొడుగాటి పట్టీ, ఆ పట్టీ చుట్టూ తిరిగే పళ్ళ గొలుసు. కోసేది ఆ గొలుసే. దాని పళ్ళు మొద్దుబారకుండా గుండ్రటి ఆకురాయితో రుద్దుకుంటూ ఉండాలి. మొద్దు గొలుసు కొయ్యదు సరికదా, పొగలు కక్కి మనిషి మీదకి తంతుంది. నూనె పడకుండా తిప్పితే పట్టీ మాడిపోతుంది. రోజూ పని అయ్యాక విప్పి, పొట్టు దులిపి, పన్ను పన్నుకీ ఆకురాయి వేసి, నూనె రాసి పెట్టేవాణ్ణి. మా ఆవిడ నన్నోసారి అడిగింది కూడా, నా చేతికి గాజులు కొనిచ్చి ఎన్నేళ్ళయిందని.

ఆ రంపాన్ని రిజిస్టర్లో ఎక్కించింది స్టోర్ కీపరు విరూపాక్షం. పేరేంటన్నాడు. చైన్ సా అన్నాను. పొట్టి మాట కనపడితే పక్కన చుక్క పెట్టడం ఆయనకి అలవాటు. 'చైన్ సా.' అని రాసి, ఎదురుగా ఒకటి వేశాడు. ఆ చుక్క మూడేళ్ళు ఎవరి జోలికీ పోకుండా అక్కడే పడి ఉంది.

కిందటి డిసెంబర్లో చైర్మన్ గారి చైను పోయింది. సభలప్పుడు మెడలో వేసుకుంటారే, ఆ బంగారు పూత చైను. రెండు రోజులు ఆఫీసంతా తలకిందులైంది. మూడో రోజు డ్రైక్లీనింగ్‌కి ఇచ్చిన ఆయన కోటు జేబులోనే దొరికింది. పోయినప్పుడు కంగారులో ఎవరికీ తోచలేదు గానీ, దొరికాక సర్క్యులర్ ఇచ్చారు.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునదేమనగా, కార్యాలయ ఆధీనమందున్న సమస్త చైన్లను గుర్తించి, తూకము వేయించి, శుద్ధత నిర్ధారించి, ట్రెజరీలో జంట తాళముల భద్రతలో ఉంచవలెను. బరువులో ఏపాటి తరుగు వచ్చినను సదరు సంరక్షకుడే బాధ్యుడు."

విరూపాక్షం రిజిస్టరంతా తిరగేస్తే రెండు చైన్లు తేలాయి. ఒకటి 'చైన్, అధికార'. రెండోది 'చైన్ సా.'

కామేశం గారు కళ్ళజోడు పైకి తోసి ఆ చుక్క వైపు చాలాసేపు చూశారు. "సా. అంటే సాదా. లాకెట్ లేనిది. చైర్మన్ గారిది కాక ఈ ఆఫీసులో ఇంకో చైను ఉందన్నమాట. ఇన్నాళ్ళూ ఎవరి దగ్గరుందయ్యా అది?"

"తాతారావు దగ్గరండి," అన్నాడు విరూపాక్షం.

గదిలో ఉన్నవాళ్ళంతా నా మెడ వైపు చూశారు.

పరుగున వెళ్ళి రంపం తెచ్చి బల్ల మీద పెట్టాను. "ఇదండి ఆ చైను. చెట్లు కోసే రంపమండి ఇది."

"దీంట్లో చైను ఉందా, లేదా?"

"ఉందనుకోండి, కానీ..."

"సర్క్యులర్లో చైను ఉంది. రిజిస్టర్లో చైను ఉంది. నువ్వు తెచ్చిన దాంట్లోనూ చైను ఉంది. ఈ 'కానీ' ఎక్కడుందయ్యా?" ఆయన గొంతు తగ్గించారు. "చూడు తాతారావూ, ఇది రంపమని నాకూ కనపడుతోంది. రేపు ఆడిటు వాళ్ళొస్తే నా కళ్ళు చూస్తారా, రిజిస్టరు చూస్తారా?"

తెలియక చేసేవాడికైతే చెప్పుకోవచ్చు. తెలిసి చేసేవాడికి ఏం చెబుతాం? గొలుసు విప్పించి తీసుకున్నారు. ఇంజనూ పట్టీ రిజిస్టర్లో లేవు కాబట్టి వాటిని నా దగ్గరే ఉంచుకోవచ్చన్నారు.

తూకానికి లక్కోజు ముత్యాలాచారి గారిని పిలిచారు. బజార్లో నలభయ్యేళ్ళుగా నగలు చేస్తున్న పెద్దమనిషి. గొలుసు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, నా వైపు చూసి, కామేశం గారి వైపు చూసి, త్రాసులో వేశారు. రెండు వందల ఎనభై ఆరు గ్రాములు.

"లోహం?" అన్నారు కామేశం గారు.

"ఇనుమండి. ఉక్కనుకోండి."

"శుద్ధత?"

"ఇనుముకి శుద్ధత ఏవిటి బాబూ?"

"ఆ గడి ఖాళీగా వదలడానికి నిబంధనలు ఒప్పుకోవు."

ఆచారి గారు కాసేపు గడ్డం గోక్కున్నారు. "అచ్చం ఇనుమేనండి. ఇంకేం కలవలేదు."

శుద్ధత నూటికి నూరు అని రాసుకున్నారు. చైర్మన్ గారిది రాగి మీద పూత కదా, దానికి నూటికి నాలుగే పడింది. దాంతో మా గొలుసే మేలురకం నగ అని తేలి, ట్రెజరీలో పై అరలోకి వెళ్ళింది. చైర్మన్ గారిది కింది అరలో పెట్టారు. మా గొలుసుని పంపేముందు నగకి జిడ్డుండకూడదని కుంకుడు రసంతో కడిగి, నూనె అన్నది లేకుండా తుడిచి, గులాబీ కాగితంలో చుట్టారు. నేను వద్దు మొర్రో అంటూనే ఉన్నాను.

ఇంతవరకూ అయితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. పైడితల్లి ఉంది కాబట్టి ఊరుకోలేకపోయాను.

పైడితల్లిది మా ఆఫీసు ప్రహరీ పక్కన ఇస్త్రీ బండి. పందొమ్మిదేళ్ళుగా నిద్రగన్నేరు చెట్టు కింద నిలబడి బొగ్గుల పెట్టెతో మా ఊరి ఆఫీసర్లందరి బట్టలూ మడతలు పెడుతోంది. గొలుసు ట్రెజరీకి వెళ్ళిన వారానికే వచ్చిన తుపానుకి ఆ చెట్టు కొమ్మ ఒకటి మొదట్లో చీలింది. మనిషి నడుమంత లావు కొమ్మ, సరిగ్గా ఆవిడ నెత్తి మీద. చీలికలో నా వేలు ఒకటి పట్టేది.

"బాబూ, అది రాత్రేల గాలొస్తే కిర్రుమంటందట, వాచ్‌మేను సెప్పినాడు," అంది. "ఎప్పుడు కోత్తావు?"

"కొన్నాళ్ళు బండి అవతలికి జరుపుకోరాదూ?"

"ఏటి జరిపేది? బండి కార్డులో ఈ సెట్టు కిందే అని రాసీసినారు. జరిపితే కార్డు ఎత్తీత్తారట. మీ ఆపీసోళ్ళే సెప్పినారు."

గొడ్డలితో కొట్టొచ్చు కదా అంటారేమో. చీలిన కొమ్మని గొడ్డలితో కుదిపితే నేనూ కొమ్మా కలిసే దిగుతాం. ఫైరు వాళ్ళని అడిగితే, పడకముందు మీ పరిధి, పడ్డాక మా పరిధి అన్నారు. నా డబ్బుతోనే ఇంకో గొలుసు కొనుక్కుంటానన్నాను. సిబ్బంది విధి నిర్వహణలో సొంత నగలు వాడాలంటే పై నుంచి లిఖితపూర్వక అనుమతి రావాలట.

సరే, ట్రెజరీ నుంచి గొలుసు బయటికి తీసుకునే ఫారం నింపాను. 'ధరించు సందర్భము' దగ్గర వివాహము, ఉత్సవము, ఇతరములు అని ఉంది. ఇతరములు దగ్గర టిక్కు పెట్టాను. 'ధరించువారి పేరు' దగ్గర నిద్రగన్నేరు అని రాశాను. అబద్ధం రాయడం నాకు చేతకాదు.

కామేశం గారు పిలిపించారు. "ఈ నిద్రగన్నేరు ఎవరు? మన సిబ్బందిలో లేరే?"

"చెట్టండి."

"సిబ్బంది కాని వారికి ఆభరణం విడుదల చెయ్యడం కుదరదు."

"మున్సిపాలిటీ చెట్టేనండి."

"అయితే ఎంప్లాయీ నంబరు వెయ్యి."

చెట్టు మొదట్లో రంగుతో వేసిన నంబరుంది, నూట పద్నాలుగు. అదే వేశాను. ఫారం నాలుగు బల్లలు దాటింది. నేను పైడితల్లికి చెప్పేశాను కూడా, ఇంకో వారం ఓపిక పట్టమని. అయిదో బల్ల దగ్గర ఆగింది. నూట పద్నాలుగో నంబరు ఉద్యోగి పదవీ విరమణ చేసి నాలుగేళ్ళయిందనీ, రిటైరైన వారు ఆభరణాలు ధరించాలంటే పెన్షను ఆఫీసు ద్వారా రావాలనీ రాసి వెనక్కి పంపారు.

మార్చిలో మొదటి తనిఖీ తూకం జరిగింది. నూనె లేని ఇనుము కదా, గొలుసు చక్కగా తుప్పు పట్టింది. తుప్పుతో కలిపి రెండు వందల ఎనభై ఎనిమిది గ్రాములు తూగింది. ఆఫీసులో లడ్డూలు పంచారు. సంరక్షణలో ఉన్న ఆస్తి బరువు పెరగడం జిల్లాలోనే ఇదే ప్రథమమనీ, ఇది సహజ వృద్ధి అనీ కామేశం గారికి ప్రశంసాపత్రం వచ్చింది. పక్క మున్సిపాలిటీ వాళ్ళు చూసిపోవడానికి వచ్చారు. వాళ్ళ రంపం గొలుసు పదునుగా, నూనెతో నిగనిగలాడుతూ ఉండేది పాపం. దాన్నీ కుంకుడు రసంతో కడిగేశారని తర్వాత తెలిసింది.

జూన్ నాటికి చీలికలో నా మూడు వేళ్ళు పడుతున్నాయి. వానలు మొదలైతే ఆకు తడిసి బరువెక్కుతుంది. ఇక ఆ కొమ్మ ఆగదు. నాకు తెలుసు, నా వృత్తి అది. పైడితల్లి అడగడం మానేసింది. పెట్టె తోస్తూ మధ్యమధ్యలో పైకి చూసేది. ఆ చూపు చూస్తే నాకు అన్నం సయించేది కాదు.

ఆ నెలాఖరున రెండో తూకం పెట్టారు. ట్రెజరీ నుంచి ఆఫీసుకి గొలుసు మోసుకొచ్చే పని, సంరక్షకుణ్ణి కాబట్టి, నాకే పడింది. ట్రెజరీకీ ఆఫీసుకీ మధ్య ఉన్నది ఆ ప్రహరీయే. వెల్వెట్ పెట్టె చంకలో పెట్టుకుని నడుస్తున్నాను. చెట్టు దగ్గరికి వచ్చేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి.

"బండి అవతలికి తొయ్యి," అన్నాను.

"కార్డో?"

"అరగంటకి కార్డేం కాదు. తొయ్యమ్మా."

గొలుసు చూస్తే ఏడుపొచ్చింది. లింకులు బిగుసుకుపోయాయి. పైడితల్లి ఇంట్లోంచి ఆముదం తెచ్చి పోసింది. గుడ్డతో తుప్పు తుడిచి, బండి బల్ల మీదే కూర్చుని పన్ను పన్నుకీ ఆకురాయి వేశాను. షెడ్డులోంచి ఇంజను తెచ్చి గొలుసు ఎక్కించి, బిగువు చూసుకుని, తాడు కట్టుకుని చెట్టెక్కాను. ఆరు నెలల తర్వాత రంపం నా చేతిలో పలికింది. కొమ్మ కింద ముందు ఓ గాటు పెట్టి, పైనుంచి కోసి, తాడుతో మెల్లగా దింపాను. అంతా కలిపి నలభై నిమిషాలు. కిందికి దిగిన దాన్ని చూసి పైడితల్లి కొమ్మ మీదే కూలబడి ఏడ్చింది. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పొట్టు పడిందని చెప్పాను.

గొలుసు మళ్ళీ గులాబీ కాగితంలో చుట్టి ఆఫీసుకి తీసుకెళ్ళాను. ఆచారి గారు త్రాసులో వేశారు. రెండు వందల ఎనభై నాలుగు.

"నాలుగు గ్రాములు," అన్నారు కామేశం గారు. "తరుగు. ప్రభుత్వ ఆభరణంలో."

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆకురాయి వేస్తే ఆమాత్రం పోతుందండి, పదును పెట్టకపోతే కొయ్యదు, కొయ్యకపోతే కొమ్మ ఆవిడ మీద పడేది అన్నాను.

"కొమ్మ పడిందా?"

"నేను కోశాను కదండీ."

"పడలేదు. పడని కొమ్మకి రికార్డు ఉండదు. తరుగుకి ఉంది." ఆయన రాసుకుంటూ పోయారు. "నగపని చేసేటప్పుడు తరుగు అనుమతించబడేది స్వర్ణకారులకి మాత్రమే. నువ్వు స్వర్ణకారుడివా?"

ఆచారి గారు దగ్గి ఏదో అనబోయారు. "అడిగినప్పుడు మీకు మాట్లాడే అవకాశం ఇవ్వబడుతుంది," అని కామేశం గారు ఆయన్ని ఆపారు.

విచారణ వారం నడిచింది. ఆ నాలుగు గ్రాములు ఎక్కడికి పోయాయో తేల్చాలి. తేలకపోతే నా ఉద్యోగం పోవడమే కాదు, నగ దొంగతనమని పోలీసు కంప్లైంటు ఇస్తారు. ఆకురాయి పొడీ, రంపపు పొట్టూ బండి చుట్టూ రాలి ఉంటాయి, వెళ్ళి ఏరండి అన్నాను. ముగ్గురు వెళ్ళారు. నేల అద్దంలా ఊడ్చి ఉంది.

పైడితల్లిని పిలిపించారు. బండి దగ్గరున్న అనుమానాస్పద వస్తువులన్నీ వెంట తెమ్మన్నారు. ఆవిడ దగ్గరున్నదల్లా ఆ ఇనప ఇస్త్రీ పెట్టె. నెత్తి మీద పెట్టుకుని వచ్చింది.

"చెట్టు కింద పొట్టు ఏం చేశావు?"

"ఊడ్సీసినాను బాబూ. ఎండింది కదా అని పెట్టెలో బొగ్గుల కింద ఏసి అంటించీసినాను."

"ప్రభుత్వ ఆభరణ శకలాలను దహనం చేశావన్నమాట."

ఆవిడ నా వైపు చూసింది. విషయం అర్థమయ్యేలా రెండు ముక్కల్లో చెప్పాను. నాలుగు గ్రాములు తగ్గాయి, అవి దొరక్కపోతే నన్ను పంపించేస్తారు అని. పైడితల్లి ఇంకేం అడగలేదు. చెవులకున్న దిద్దులు తీసి బల్ల మీద పెట్టింది. అవి కాక ఆవిడ ఒంటి మీద బంగారమన్నది లేదు.

"ఇవి నాలుగు గ్రాముల పైనే ఉంతాయి. పుచ్చుకుని ఈ బాబునొగ్గీయండి."

నేను వద్దన్నాను. గట్టిగానే అన్నాను. ఆచారి గారు తల దించుకున్నారు. కామేశం గారు మాత్రం పెన్నుతో దిద్దుల్ని ఆవిడ వైపు నెట్టారు.

"కుదరదమ్మా. ఇది బంగారం. పోయింది ఇనుము. బంగారం తీసుకుంటే లోహ వ్యత్యాసం వస్తుంది. ఇనుముకి ఇనుమే జమ కావాలి."

ఏడు నెలల్లో ఆయన నోట ఇనుము అన్న మాట నేను వినడం అదే మొదటిసారి. విరూపాక్షం రాస్తున్నవాడు ఆగిపోయి పైకి చూశాడు. ఇంకేముంది, ఇప్పుడైనా గొలుసు ఇనుమని ఒప్పుకున్నారు కదా అని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆయన చూపు ఇస్త్రీ పెట్టె మీద పడింది.

"ఇది ఇనుమేనా?"

"ఇనుమే బాబూ."

"శకలాలు దహనమైంది ఇందులోనే. కాబట్టి తరుగు ఇందులోనే కలిసిందని భావించవచ్చు. తాతారావూ, ఆకురాయి తీసుకో. నాలుగు గ్రాములు రాబట్టు."

పెట్టె పక్క నుంచి రుద్దబోయాను. పక్కంతా తుప్పు, అక్కడ తీస్తే ఆవిడకి నష్టం ఉండదు. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. రికార్డులో శుద్ధత నూటికి నూరని ఉంది, తుప్పు చెల్లదు అన్నారు. పెట్టె మొత్తం మీద మెరుస్తూ ఉన్నది అడుగు ఒక్కటే. పందొమ్మిదేళ్ళు బట్టల మీద జారి జారి నున్నబడిన అడుగు.

"అడుగు ముట్టుకుంటే పెట్టె ఇక పనికిరాదు సార్," అన్నాను. "ఉద్యోగం నాకొద్దు, తీసేయండి."

"గీకు బాబూ," అంది పైడితల్లి. "నువ్వు లేకపోతే నా బుర్రే పగిలీది. గీకీ."

గీకాను. కింద గులాబీ కాగితం పరిచారు, ఆచారి గారు రెండుసార్లు తూచారు. మూడు గ్రాముల తొమ్మిది వందల మిల్లీగ్రాములన్నారు మొదటిసారి. కామేశం గారు ఇంకోసారి రుద్దమన్నారు. నాలుగు అయ్యాక పొట్లం కట్టి, గొలుసు పక్కన, పై అరలో పెట్టించారు. ఫైలు మూసేశారు. ఆచారి గారు తన కూలి తీసుకోకుండా వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే బండి దగ్గరికి వెళ్ళాను. పైడితల్లి పెట్టెలో బొగ్గులు వేసి, ఒక తెల్ల చొక్కా పరిచి తోసింది. పెట్టె వెళ్ళిన దారంతా వీపు మీద దారాలు లేచి నిలబడ్డాయి. ఆవిడ చూసింది, చూసి ఆ వైపు లోపలికి పోయేలా నీటుగా మడత పెట్టింది. కాలరు లోపల చాకలి గుర్తు కనపడింది. కామేశం గారిది.

"పెట్టె పాడైపోనాది, మంచి బట్టలు తేవద్దని అందరికీ సెప్పీసినాను బాబూ," అంది, చొక్కా మీద కాగితం చుడుతూ. "ఆయనకొక్కడికే సెప్పనేదు."